తల్లిని నిందించిన కాలము

1943వ సంవత్సరమున అమెరికాలోని బాల్టిమోరు పట్టణపు వైద్యుడు లియో కానర్ 11 మంది పిల్లలనుగూర్చి వ్రాసెను. వారు ఎవరితోను కలియరు. చుట్టునున్నదంతయు నిన్నటివలెనే యుండవలెనని కోరుదురు. దీనినే ఆటిజం అందురు.

తరువాత పండితులనేకులు తల్లి ప్రేమ చల్లారుటయే దీనికి కారణమని బోధించిరి. ఎంత క్రూరమైన బోధ! మా సంఘమందలి యొక తల్లిని నేనును మొదట అట్లే తలంచితిని. 1964లో, అట్టి బిడ్డకు తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, ఇది పెంపకపు దోషము కాదు, శరీరసంబంధమైనదని గ్రంథము వ్రాసి ఆ బోధను ఖండించెను.

అంతకు రెండేండ్ల ముందే లండనులో ఇట్టి పిల్లల తల్లిదండ్రులు ఒక సంఘముగా కూడిరి. ఆ యేడే సిబిల్ ఎల్గార్ అను ఉపాధ్యాయిని తన యింటి నేలమాళిగలో వారి పిల్లలకు బడి పెట్టెను. దినదినము ఒకే క్రమము, కొద్దిపాటి తేట మాటలు, ఇదే ఆమె పద్ధతి. 1965లో తల్లిదండ్రుల సంఘము ఈలింగునందు బడి తెరచి ఆమె చేతికప్పగించెను.

మా ఆదివారపు బడిలో నేను నిందించిన ఆ తల్లి బిడ్డ డప్పు మ్రోగగానే చెవులు మూసికొని పరుగెత్తెడివాడు. ఇప్పుడు డప్పు మానితిమి. వాకిలియొద్ద వాని చాప ప్రతివారము అదే చోట పరచుచున్నాము. తల్లి ప్రక్కనే కూర్చుండును.