మచ్చపడని ఉక్కు, మసిబారిన కడ్డీలు

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరకు వేసవిలో వెళ్లివచ్చిన పెద్దలు పెరటిలో తళతళలాడే ఉక్కు పెట్టెనొకదానిని చూసే ఉంటారు. దానిని గ్యాసు గ్రిల్లు అంటారు. సెలవునాడు మొక్కజొన్న పొత్తులు, పనీరు ముక్కలు, కోడిమాంసము దానిమీద కాలుతాయి. మరునాడు దానిని తోమే పని ఎవరి నెత్తిన పడుతుందన్నది వేరే సంగతి! ఆ తోముడుకు వెనుక పెద్ద చరిత్రే ఉన్నది.

కాల్చి తినడం మనకు కొత్త కాదు. చువ్వకు గ్రుచ్చి కాల్చిన మాంసానికి అమరకోశం శూల్యము, భటిత్రము అని పేర్లు చెప్పింది. బార్బెక్యూ అన్న మాట మాత్రం కరీబియన్ దీవులలోని తైనో జాతివారిది. కర్రలతో కట్టిన మంచెకు వారు పెట్టుకున్న పేరు స్పానిషువారి నోట బార్బకోవా అయినది. 1526 నాటి ఒవియెడో గ్రంథంలో ఆ మాట కనబడుతుంది. కర్ర మంచెను తోమవలసిన పని లేదు, మాడిపోతే మరొకటి కట్టుకోవచ్చును. బొగ్గుల కాలమంతా గడిచాక, 1960వ దశకం తొలినాళ్లలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఒక సహజవాయు సంస్థ తన గ్యాసు అమ్మకాలు పెంచుకోవడానికి ఇటూ అటూ జరుపుకోగల గ్యాసు గ్రిల్లును తయారుచేయించింది. పొయ్యి కన్నా ముందు ఇంధనం బేరమే ఉన్నదన్నమాట.

ఇక ఉక్కు కథ. క్రోమియం కలిసిన ఇనుము ఆమ్లాలకు లొంగదని ఫ్రాన్సులో బెర్తియే 1821లోనే గమనించాడు. అయితే అది పెళుసు, పనికి రాలేదు. 1912లో జర్మనీలోని క్రుప్ సంస్థలో స్ట్రౌస్, మౌరర్ అనే వారు క్రోమియం, నికెల్ రెండూ కలిపిన ఉక్కును సాధించారు. మరుసటి ఏడు, 1913లో, ఇంగ్లండులోని షెఫీల్డులో హ్యారీ బ్రియర్లీ తుపాకీ గొట్టాలు త్వరగా అరగకుండా ఉండే లోహం కోసం వెదుకుతూ 12.8 శాతం క్రోమియం ఉన్న ఉక్కును పోయించాడు. అది ఆమ్లానికి చెక్కుచెదరలేదు. కత్తులకు పనికివస్తుందని ఆయన పట్టుబట్టాడు గాని యజమానులకు రుచించలేదు. కోయని కత్తులు చేశాడని ఎగతాళి కూడా చేశారు. చివరికి ఎర్నెస్ట్ స్టూవర్ట్ అనే కత్తుల తయారీదారు వెనిగర్‌లో పెట్టి చూచి, దానికి స్టెయిన్‌లెస్ అన్న పేరును ఖాయం చేశాడు. 1924 నాటికి 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న రకం షెఫీల్డులో వెలువడినది. మంచి గ్రిల్లులూ, మన వంటింటి మేలురకం గిన్నెలూ చాలావరకు ఆ వంశంలోనివే.

ఈ ఉక్కు తుప్పు పట్టకపోవడానికి కారణం దాని క్రోమియం గాలిలోని ఆక్సిజనును పట్టుకొని, కంటికి కానరాని పలుచని పొరగా పైన పరచుకోవడమే. గీత పడితే ఆ పొర తనంతట తానే మళ్లీ అల్లుకుంటుంది, గాలి తగలాలి అంతే. ఇక్కడే మన పెద్దల అలవాటు ఎదురు తిరుగుతుంది. ఇత్తడి బిందెను చింతపండుతో, బూడిదతో తోమితే పులుపు నల్లదనాన్ని కరిగించి కొత్త లోహాన్ని బయటపెడుతుంది. తోమిన కొద్దీ మెరుపు, తోమిన కొద్దీ అరుగుదల. ఆ తోముడుకూ, కళాయి పూతకూ ఆడవారి చేతులెన్ని అరిగిపోయాయో ఏ చరిత్రకారుడూ లెక్క వ్రాయలేదు. స్టీలు వచ్చి ఆ చేతులకు కొంత విడుదల ఇచ్చింది.

కనుక స్టీలు గ్రిల్లుకు ఉప్పు, ఇటుకపొడి, మామూలు ఇనుప పీచు, బ్లీచింగు నీళ్లు పనికిరావు. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను పొడిచి గుంటలు చేస్తుంది. ఇనుప పీచు వదిలిన రేణువులు తాము తుప్పుపట్టి, నేరం స్టీలు మీద వేస్తాయి. సముద్రపు గాలి కూడా ఉప్పే కనుక విశాఖవాసులకూ ఫ్లోరిడావాసులకూ ఇక్కడ బాధ ఒకటే. వేడికి వచ్చే బంగారు, నీలి రంగులు మాత్రం తుప్పు కావు, పొర మందమైనందువల్ల వచ్చినవి. వాటిని గీకి పారవేయాలనే పట్టుదల వద్దు.

వంట కాగానే మూత వేసి పది పదిహేను నిమిషాలు పెద్దమంట పెట్టితే కడ్డీలకంటిన జిడ్డు బూడిద అవుతుంది. కాస్త చల్లారాక రాల్చవచ్చును. పైభాగాన్ని గోరువెచ్చని సబ్బునీటితో, మెత్తని గుడ్డతో, లోహంలోని సన్నగీతల వెంబడే తుడిచి, కడిగి, ఆరబెట్టాలి. అడుగున జిడ్డు పళ్లెం ఎప్పటికప్పుడు ఖాళీ చేయకపోతే మంట అంటుకుంటుంది. బర్నరు గొట్టాలలో సాలెపురుగులు గూళ్లు కడతాయి, గ్యాసు దారి మూసుకుని మంట వెనక్కు తన్నుతుంది. గొట్టాల కీళ్ల వద్ద సబ్బునురుగు వేసి బుడగలు వస్తున్నాయేమో చూడటం మన ఇంటి సిలిండరుకు చేసే పనే.

తీగల బ్రష్షు విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. ఊడిన తీగముక్క కడ్డీకంటుకొని, ముద్దతోపాటు కడుపులోకి పోయిన ఉదంతాలను అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2012లో ప్రకటించింది. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో ఒక్క ఆసుపత్రి వ్యవస్థలోనే 2011 మార్చి నుండి 2012 జూన్ వరకు ఆరుగురికి ఇది జరిగింది. చిన్నపిల్లలు తినే ఇంట్లో ఆ బ్రష్షు లేకపోవడమే మేలు. తడిగుడ్డను చిమటాతో పట్టుకొని వెచ్చని కడ్డీల మీద రుద్దితే సరిపోతుంది. వాడక తప్పదనుకుంటే, చివర కడ్డీలను తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను వెలుతురులో పెట్టి చూడాలి.

కప్పే తొడుగు వేసేముందు గ్రిల్లు పూర్తిగా చల్లారి, పొడిగా ఉన్నదో లేదో తాకి చూడండి. తడిమీద వేసిన తొడుగు లోపల ఆవిరి నిలిచి, కీళ్లలోని మామూలు ఇనుప మరలను ముందుగా తినివేస్తుంది.