హైదరాబాదున క్లోరోఫారం విచారణ

శస్త్రచికిత్సకు సిద్ధపడిన రోగి కత్తిని తలచుకొని వణకిన కాలము 1846లో ఈథరు రాకతో తీరనారంభింపగా, మత్తుమందునే తలచుకొని వణకెడి కాలము 1848 జనవరి 28వ తేదీన మొదలయ్యెను. నాడు ఇంగ్లండులో న్యూకాసిల్ సమీపమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక, కాలిగోరు తీయించుకొనుటకై క్లోరోఫారం పీల్చి, నిమిషములలో అసువులు బాసెను. ఎడింబరోలో సింప్సన్ అను వైద్యుడు ఆ ద్రవ్యమును వాడుకలోనికి తెచ్చి అప్పటికి మూడు మాసములైనను నిండలేదు. ఆ పిల్ల చికిత్సకు ముందే మిక్కిలి బెదరియుండెను. మృతికి హేతువు మందా, భయమా యన్న వివాదము వైద్యలోకమున దశాబ్దముల పర్యంతము సాగెను. నాడిని కనిపెట్టవలెనని లండను వైద్యులును, ఊపిరిని కనిపెట్టవలెనని ఎడింబరో వారును పట్టుపట్టిరి.

ఈ తగవు తీర్చుటకు హైదరాబాదు పూనుకొనెను. రెసిడెన్సీ సర్జనుగను, వైద్యపాఠశాలకు అధిపతిగను ఉండిన ఎడ్వర్డ్ లారీ, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ద్రవ్యసాహాయ్యముతో 1888లో ఒక సంఘమును నడిపెను. దాని తీర్పును లండనులోని లాన్సెట్ పత్రిక శంకింపగా, ఆ పత్రిక తరపున ఒక నిపుణుని రప్పించుటకు నిజాము వేయి పౌనులొసగెను. అట్లు వచ్చిన లాడర్ బ్రంటన్‌తో కూడి 1889లో రెండవ సంఘము వందలకొలది కుక్కలపైనను, కోతులపైనను ప్రయోగములు చేసెను. ఆ మూగజీవుల ఋణము మనపై నేటికిని ఉన్నదని నా విశ్వాసము. మొదట ఆగునది శ్వాసయే, గుండె ఆ పిమ్మటనే యని రెండు సంఘములును తేల్చినవి.

రెండవ సంఘపు నివేదికలో నన్ను ఆకర్షించునది సిద్ధాంతముకంటె చేతిపని. రోగిని వెల్లకిల పరుండబెట్టి, మెడను, రొమ్మును, పొట్టను బిగించు బట్టలను వదులు చేయవలెను. కొసయందు కొంచెము దూదిగల గరాటును మొదట ముఖమునకు ఎడముగానే పట్టవలెను. బెదరి ఊపిరి బిగబట్టినవాడు ఆపై నిండుగా ఎగబీల్చు గాలితో మందు మోతాదు మించును గావున, అప్పుడు మిక్కిలి జాగరూకత వలయును. ఊపిరి నెమ్మదించిన తరువాతనే గరాటును దగ్గరకు చేర్పవలెను. కనుగ్రుడ్డును వ్రేలికొనతో తాకినను రెప్ప కదలనినాడు రోగి శస్త్రమునకు సిద్ధుడు.

1911లో లెవీ అను పరిశోధకుడు, కొద్దిపాటి క్లోరోఫారం మత్తులో నున్న పిల్లులకు అడ్రినలిన్ ఎక్కించి, గుండె గతితప్పి నిలిచిపోవుటను చూపగా లారీ సిద్ధాంతము చెదరెను. బెదరినవాని దేహము తానై స్రవించుకొను ద్రవ్యమే ఈ అడ్రినలిన్. కావున రోగిని బెదరనీయక నెమ్మదిగా మత్తునకు అలవరచిన హైదరాబాదు పద్ధతి, దానిని ఏర్పరచినవారు ఎరుగని కారణముచేత గూడ మంచిదే అయ్యెను.

ఆ పద్ధతిని లారీవద్ద అభ్యసించినవారిలో రూపాబాయి ఫర్దూన్జీ యొకరు. 1885లో వైద్యపాఠశాలలో చేరిన తొలి విద్యార్థినులలో ఒకరై, మత్తుమందిచ్చు వైద్యమునే వృత్తిగా గైకొని, ప్రపంచమున ఆ పని చేపట్టిన మొదటి స్త్రీగా గణనకెక్కిన ఈమె, 1909లో పైచదువులకై ఎడింబరోకు సైతము వెడలెను. పరదా విడిచి ఎరుగని స్త్రీకి, ఒడలు తెలియకపోవు ఆ ఘడియలో తలాపున నిలిచినది మరియొక స్త్రీ యగుట ఎంతటి ధైర్యమో పురుషులమైన మనము ఊహింపవలసినదే. లారీ పేరు తలచినప్పుడెల్ల ఈమె పేరునుగూడ మన వైద్యచరిత్రకారులు తలపవలెనని నేను కోరుచున్నాను.