ట్యాంకు లేని వాటర్ హీటర్లు

నీటిని ముందుగా కాచి నిల్వ ఉంచకుండా, కుళాయి తిప్పినప్పుడు గొట్టంలో పారే నీటినే అప్పటికప్పుడు వేడిచేసి అందించే గృహోపకరణాన్ని ట్యాంకు లేని వాటర్ హీటరు అంటారు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ గ్యాసుతో పనిచేసే ఇటువంటి పరికరాన్ని రూపొందించి గీజర్ అని పేరు పెట్టాడు. తెలుగు రాష్ట్రాల్లో విద్యుత్తుతో నడిచే ఇన్‌స్టంట్ గీజరు, వంటగ్యాసుతో నడిచే గ్యాస్ గీజరు అనే రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిదానిలో 1 నుంచి 3 లీటర్ల చిన్న పాత్ర ఉంటుంది గనుక అది అచ్చంగా ట్యాంకు లేనిదేమీ కాదు.

నిల్వ హీటరులో కాగిన నీరు వాడకపోయినా చల్లారుతూనే ఉంటుంది. ఈ నష్టం లేకపోవడమే ట్యాంకు లేని హీటరు చేసే ఆదా. బకెట్టు నీటిని వేడిచేయడానికి పట్టే శక్తి మాత్రం ఎందులోనైనా ఒకటే. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 40 డిగ్రీల సెల్సియస్‌కు చేర్చడానికి అర యూనిట్టుకు కొంచెం తక్కువ విద్యుత్తు కావాలి. పొద్దున్నే స్విచ్చి వేసి, స్నానాలు కాగానే కట్టేసే ఇళ్లలో నిల్వ నష్టం ఎలాగూ స్వల్పమే కాబట్టి, కరెంటు బిల్లు గణనీయంగా తగ్గుతుందని ఆశించడం సబబు కాదు.

అసలు చూడవలసింది నిమిషానికి ఎన్ని లీటర్లు వస్తాయన్నది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పై లెక్కన నిమిషానికి సుమారు 2 లీటర్లే ఇవ్వగలదు; అంటే బకెట్టు నిండడానికి దాదాపు పది నిమిషాలు పడుతుంది. నిమిషానికి 8 లీటర్ల షవరుకు 11 కిలోవాట్లు అవసరం. జర్మనీలో త్రీఫేజ్ కనెక్షనుతో 18 నుంచి 24 కిలోవాట్ల హీటర్లు మామూలే గానీ, సింగిల్ ఫేజ్ ఇళ్లలో అంత లోడు కుదరదు. 3 కిలోవాట్లకే 13 ఆంపియర్ల కరెంటు పారుతుంది గనుక 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన వైరు ఉండాలి.

గ్యాస్ గీజరుకు ఈ ఇబ్బంది లేదు. అది నిమిషానికి 6 లీటర్ల దాకా వేడినీరు ఇస్తుంది. మంట అంటించడానికి రెండు బ్యాటరీలు చాలు గనుక కరెంటు పోయినా పనిచేస్తుంది. 80 శాతం సామర్థ్యం అనుకుంటే 14.2 కిలోల సిలిండరుతో సుమారు 300 బకెట్లు కాగుతాయి. అయితే సన్నని గొట్టాల్లో బోరు నీటి సున్నం త్వరగా పేరుకుంటుంది. మిద్దె మీది ట్యాంకుకు దగ్గరగా ఉండే పై అంతస్తులో నీటి ఒత్తిడి చాలక బర్నరు ఒక్కోసారి వెలగదు.

దీని పెద్ద లోపం ప్రాణాంతకమైనది. పది నిమిషాల మంటకు సుమారు 2 ఘనపు మీటర్ల గాలి ఖర్చవుతుంది. చిన్న స్నానాల గదిలో ఉండే గాలి మొత్తం 7, 8 ఘనపు మీటర్లకు మించదు. గాలి చాలనప్పుడు గ్యాసు పూర్తిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఇది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. సిలిండరు గ్యాసుకు కలిపే ఘాటు వాసన వంటిది దీనికి లేకపోవడంతో, స్నానం చేస్తున్న మనిషి ప్రమాదాన్ని పసిగట్టకముందే స్పృహ తప్పవచ్చు. అందుచేత గీజరునూ సిలిండరునూ గాలి ఆడే బయటి గోడకు బిగించి, వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తీసుకోవాలి. వెంటిలేటరు తెరిచి ఉంచడం దానికి బదులు కాదు.