శాక్సోఫోన్ పట్టిన చేతికి తుపాకి: లెస్టర్ యంగ్ చరిత్ర

జాజ్ సంగీతం మీద వచ్చిన చాలా రాతల్లో లెస్టర్ యంగ్ కథ ఒకే తీరులో ముగుస్తుంది. మెత్తని మనిషి, సైన్యంలో చెడిపోయాడు, తాగి తాగి 49 ఏళ్లకే పోయాడు అని. ఈ ముగింపు మాకు మింగుడుపడదు. మనిషి బలహీనతను పెద్దది చేసి, అతణ్ణి నలిపిన వ్యవస్థను పక్కన పెట్టేయడం మనకు బాగా తెలిసిన ఎత్తుగడే. అందుకే ఆ జీవితాన్ని మొదట్నుంచి చూద్దాం.

లెస్టర్ 1909 ఆగస్టు 27న మిసిసిపీ రాష్ట్రం వుడ్‌విల్‌లో పుట్టాడు. తండ్రి విల్లిస్ హ్యాండీ యంగ్ ఇంటిల్లిపాదికీ వాద్యాలు నేర్పి, కుటుంబాన్నే బ్యాండుగా కట్టి ఊరూరా తిప్పేవాడు. లెస్టర్ మొదట పట్టింది డ్రమ్ములు. ఆట అయిపోయాక వాటిని సర్దుకునేలోపు అమ్మాయిలంతా వెళ్లిపోయేవాళ్లు, అందుకే వదిలేశానని తర్వాత చెప్పుకున్నాడు. శాక్సోఫోన్‌ను చెవితోనే పట్టేశాడు. స్వరలిపి చదవడం రాదని తండ్రి కనిపెట్టి బ్యాండులోంచి తీసేశాడు. ఏడ్చాడు. నేర్చుకుని తిరిగొచ్చాడు. ఇంట్లో మొదటిసారి అక్షరం పట్టిన మా తరానికి ఈ ఏడుపు పరాయిది కాదు.

1927 చివర్లో తండ్రి మళ్లీ దక్షిణాదికి ప్రయాణం కట్టాడు. నల్లవాళ్లను చెట్లకు ఉరితీస్తున్న నేల అది. లెస్టర్ రానన్నాడు, ఆ బ్యాండునే వదిలేశాడు. మా దృష్టిలో అతని చరిత్రలో మొదటి ధిక్కారం ఇదే.

1934లో ఫ్లెచర్ హెండర్సన్ బ్యాండులో కోల్‌మన్ హాకిన్స్ ఖాళీ చేసిన చోటు దొరికింది. హాకిన్స్‌ది బరువైన, నిండు నాదం. లెస్టర్‌ది తేలికైన, గాలిలాంటి పలుకు. హెండర్సన్ భార్య రోజూ హాకిన్స్ రికార్డులు పెట్టి వినిపించేది. అతనిలా వాయించమని తోటి నల్ల కళాకారులే ఒత్తిడి తెచ్చారు. లెస్టర్ మారలేదు, బయటికొచ్చేశాడు.

అతని పలుకుకు ఇల్లు దొరికింది కాన్సాస్ సిటీలో, కౌంట్ బేసీ బ్యాండులో. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు వరసలుగా కూర్చుంటాయి. ఒకరు చిన్న పలుకు ఎత్తుకుంటే వరసంతా అందుకునేది. చాలా పాటలకు కాగితమే లేదు, అందరూ కలిసి అక్కడికక్కడే కట్టినవి. ఈ ఉమ్మడి పనికి దక్కిందేమిటి? 1936లో డెక్కా కంపెనీ 24 పాటలకు 750 డాలర్లు ఇచ్చి సరిపెట్టింది. రాయల్టీ లేదు. 1937లో గాయని బిల్లీ హాలిడేతో కలిసి రికార్డులు చేశాడు. 'ప్రెజ్', అంటే ప్రెసిడెంట్, అన్న పేరు ఆమె పెట్టిందే.

1944 సెప్టెంబరు చివర్లో, 35 ఏళ్ల వయసులో, సైన్యం పట్టుకుపోయింది. అదే యుద్ధంలో తెల్లజాతి నాయకుడు గ్లెన్ మిల్లర్ యూనిఫారంలోనే పెద్ద బ్యాండు నడిపాడు. నల్లవాళ్ల సైనిక బ్యాండ్లూ కొన్ని ఉన్నాయి. లెస్టర్‌కు మాత్రం వాటిలో చోటు దొరకలేదు, తుపాకి ఇచ్చారు. అలబామాలోని ఫోర్ట్ మెక్‌క్లెల్లన్‌లో కసరత్తులో దెబ్బ తగిలి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ తర్వాత గంజాయి, మత్తుమాత్రలు దొరికాయని 1945 ఫిబ్రవరిలో కోర్టు మార్షల్ చేశారు. ఈ అలవాటు సంగతి చేర్చుకునేటప్పుడే చెప్పానని విచారణలో అన్నాడు. శిక్ష: ఏడాది కఠిన నిర్బంధం, జీతం జప్తు, అగౌరవంగా తొలగింపు. వర్ణవివక్ష పాటించే ఆ సైన్యంలో వేర్పాటు తొలగించాలని ట్రూమన్ ఆదేశం వచ్చింది 1948 జూలై 26న. అగౌరవం ఎవరిదో పాఠకులే తేల్చుకోవచ్చు.

1945 డిసెంబరు ప్రాంతంలో విడుదలయ్యాడు. వెంటనే చేసిన రికార్డుల్లో ఒకదానికి 'డి.బి. బ్లూస్' అని పేరు పెట్టాడు. డి.బి. అంటే సైనిక నిర్బంధ శాల. చెడిపోయినవాడు చేసే పనా ఇది? 1956 దాకా గొప్ప రికార్డులు చేశాడు. తాగుడు నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. ఆ నిజంతో తక్కినదంతా కప్పెయ్యడం మోసం. 1959 మార్చి 15న న్యూయార్క్‌లోని హోటలు గదిలో చనిపోయాడు. నాలుగు నెలలకు బిల్లీ కూడా వెళ్లిపోయింది.

కులం, రంగు ఒకటి కావు. అయినా 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, అంటరానివాళ్ల స్థితికీ నల్లవాళ్ల స్థితికీ ఉన్న పోలికను గుర్తుచేశారు. ఆ పోలికను మనం సంగీతం దాకా తీసుకెళ్లాలి. మన వాడల్లో డప్పు కొట్టినవాళ్లను గురించి కూడా 'తాగి పోయాడు' అన్న ఒక్క మాటే మిగిలింది. ఎవరి దగ్గర నేర్చాడు, ఎవరు పిలిచారు, ఎంత ఇచ్చారు, ఎందుకు మానేశాడు? లెస్టర్ గురించి ఇన్ని సంగతులు తెలిశాయంటే ఎవరో అడిగి రాసి పెట్టబట్టే. మన పెద్దలు బతికుండగానే మనం ఈ ప్రశ్నలు అడగాలి, రాసుకోవాలి.