టిగ్ వెల్డింగ్‌లో రక్షక వాయువు

టిగ్ వెల్డింగ్‌లో టంగ్‌స్టన్ మొనకూ కరిగిన లోహానికీ గాలి తగలకుండా టార్చి నుంచి వదిలే వాయువే రక్షక వాయువు. నూటికి తొంభై పనులకు శుద్ధ ఆర్గాన్ సరిపోతుంది. గుడివాడ, గుడ్లవల్లేరు, బందరు వైపు షాపుల్లో ‘ఆర్గాన్ వెల్డింగ్’ అంటే టిగ్ వెల్డింగే. హీలియం, హైడ్రోజన్, నత్రజని కలిపిన మిశ్రమాల అవసరం ప్రత్యేకమైన పనుల్లోనే వస్తుంది.

ఈ పద్ధతి మొదట నడిచింది మాత్రం హీలియంతో. ఆ మూలకం జాడ తొలిసారి కనబడిన చోట్లలో బందరు ఒకటి. 1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని మద్రాసు వేధశాల ఖగోళజ్ఞుడు నార్మన్ పోగ్సన్ బందరు (మచిలీపట్నం) నుంచి, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పియర్ జాన్సెన్ గుంటూరు నుంచి పరిశీలించారు. సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల కాంతిలో, సోడియం రేఖ ఉండే చోటో దానికి అతి దగ్గరలోనో ఒక పసుపు గీతను పోగ్సన్ నమోదు చేశాడు. అది సోడియానిది కాదని అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకయర్ తేల్చాడు. జాన్సెన్, లాకయర్‌ల పక్కన పోగ్సన్‌కూ బందరుకూ దక్కవలసిన చోటు ఇంకా దక్కలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియాన్ని రాబట్టాడు. 1941లో అమెరికాలోని నార్త్‌రాప్ విమాన సంస్థలో రస్సెల్ మెరిడిత్ మెగ్నీషియం భాగాలను అతకడానికి టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ చుట్టూ ఆ వాయువునే వదిలాడు.

తర్వాత ఆర్గాన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. గాలిలో ఆర్గాన్ 0.93 శాతం ఉంటుంది. ఉక్కు కర్మాగారాలకు ఆక్సిజన్ తీసే ప్లాంట్లలోనే ఇదీ వేరుపడుతుంది కాబట్టి హీలియం కంటే చాలా చౌక. గాలి కంటే సుమారు 1.4 రెట్లు బరువు గనుక అతుకు మీద నిలుస్తుంది. ఆర్క్ సులువుగా అంటుకుంటుంది, నిలకడగా ఉంటుంది. హీలియం బరువు గాలి బరువులో ఏడో వంతే. వెంటనే పైకి లేచిపోతుంది, రెండు మూడు రెట్లు ఎక్కువ వదలాలి. అయితే దాని ఆర్క్ వేడి ఎక్కువ. అందుకే మందపాటి అల్యూమినియం, రాగి అతికేటప్పుడు ఆర్గాన్‌లో హీలియం కలుపుతారు.

రొయ్యల శుద్ధి కేంద్రాల్లో వాడే 304, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుకు ఆర్గాన్ చాలు. వేగం కావాలంటే 2 నుంచి 5 శాతం హైడ్రోజన్ కలిపిన మిశ్రమం పనికొస్తుంది. అదే మిశ్రమం అల్యూమినియంలో బుడగలు, గట్టిపడే ఉక్కులో పగుళ్లు తెస్తుంది. పైపు అతికేటప్పుడు లోపలివైపు కూడా ఆర్గాన్ నింపాలి. లేకపోతే లోపలి అతుకు నల్లగా పొక్కి గరుకుతేలుతుంది. ఉప్పునీళ్లు తగిలే పైపులో తుప్పు అక్కడే మొదలవుతుంది.

తీగను కరిగించి అతికే మిగ్ వెల్డింగ్‌కు తెచ్చిన ఆర్గాన్–కార్బన్ డయాక్సైడ్ సిలిండరును టిగ్ యంత్రానికి తగిలించడం పెద్ద పొరపాటు. అందులోంచి పుట్టే ఆక్సిజన్ టంగ్‌స్టన్ మొనను క్షణాల్లో తినేస్తుంది. భారత ప్రమాణాల ప్రకారం ఆర్గాన్ సిలిండరుది నీలం రంగు. ఐనా రంగు ఒక్కటే చూడక చీటీ కూడా చదవాలి. స్వచ్ఛత 99.995 శాతం ఉంటే మామూలు పనులకు సరిపోతుంది, టైటానియానికి 99.999 ఉంటే మేలు.

పలచని రేకులకు నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు చాలు. 7 ఘనమీటర్ల సిలిండరు నిమిషానికి 8 లీటర్ల చొప్పున దాదాపు పద్నాలుగున్నర గంటలు వస్తుంది. ఎక్కువ వదిలితే మంచిదనుకోవడం తప్పు: ప్రవాహం సుడి తిరిగి గాలిని లోపలికి లాగుతుంది. దివిసీమలో సముద్రపు గాలి, ఏ ఊళ్లోనైనా సీలింగ్ ఫ్యాను ఈ వాయువును చెదరగొడతాయి. చుట్టూ తెర కట్టుకోవాలి. చెమ్మ మరో శత్రువు. కరిగిన అల్యూమినియం చెమ్మలోని హైడ్రోజన్‌ను పీల్చుకుని, గట్టిపడేటప్పుడు కక్కుతుంది. అతుకంతా సూదిబెజ్జాలు పడతాయి. అందుకే రేకునూ రాడ్డునూ ముందే తుడిచి ఆరబెట్టాలి.

ఆర్గాన్‌కు రంగూ వాసనా లేవు, విషమూ కాదు. కానీ ట్యాంకు లోపల అడుగున చేరి ఆక్సిజన్‌ను తోసేస్తుంది. మనిషి హెచ్చరిక లేకుండానే స్పృహ తప్పుతాడు. ట్యాంకులోకి దిగేముందు ఆక్సిజన్ కొలవాలి, లోపలికి తాజా గాలి పంపాలి, మూత దగ్గర రెండో మనిషి కాపలా ఉండాలి. పని ఆపగానే సిలిండరు వాల్వు బిగించి టార్చిని బయటికి తీసెయ్యాలి.