గుంటగట్టే బౌండరీ

మే నెల ఎండలో క్రికెట్ చూడడానికి నెల్లూరు నుండి మైపాడు దారి పట్టానంటే ఇంట్లో వాళ్ళే నవ్వారు. చల్లగా టీవీ ముందు కూర్చుని చూసే ఆటకు అంత దూరం ఎందుకన్నది వారి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు. బకింగ్‌హాం కాలువకు ఆవల, సముద్రం ఒడ్డున ఒక పాళెంలో పిల్లల పోటీ జరుగుతున్నదని తెలిసి బయలుదేరాను, అంతే.

మే నెలే ఎందుకంటే దానికొక లెక్క ఉంది. గోదావరి జిల్లాల వలె ఇక్కడ సంక్రాంతి నాటికి చేలు ఖాళీ కావు. నెల్లూరు మాగాణిలో ప్రధాన పంట కోతకు వచ్చేది ఫిబ్రవరి తర్వాతే. ఇక తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధం. బడికి సెలవులు, పొలానికి సెలవులు, సముద్రానికి సెలవులు. నేను వెళ్ళేసరికి పడవలన్నీ ఇసుక మీదికి చేరి ఉన్నాయి. వాటి నీడన కూర్చున్న పెద్దలే ప్రేక్షకులు.

ఆ దృశ్యం చూడగానే నాకు 1721 గుర్తుకు వచ్చింది. మన దేశంలో క్రికెట్ ఆడినట్లు దొరుకుతున్న మొట్టమొదటి ఆధారం ఆ సంవత్సరానిది. ఖంభాత్ తీరంలో పడవ నిలిచిపోయి, రెండు వారాల పాటు తోచక, ఇంగ్లీషు నావికులు రోజూ క్రికెట్ ఆడుకున్నారని క్లెమెంట్ డౌనింగ్ అనే నావికుడు వ్రాసి పెట్టాడు. చుట్టుపక్కల ఉండే కోలీలు వచ్చి చూసేవారట. అంటే మన గడ్డ మీద ఈ ఆట చరిత్ర మొదలయిందే ఒక సముద్రపు ఒడ్డున, పడవ కదలని రోజుల్లో! అప్పుడు ఆడినవారు పరాయివారు, చూసినవారు తీరవాసులు.

చూసేవాడు ఆడేవాడు కావడానికి చాలా కాలం పట్టింది. మన నెల్లూరు కూడా భాగమైన మద్రాసు రాజధానిలో, 1846లో ఏర్పడిన మద్రాసు క్రికెట్ క్లబ్బు దొరలది. చేపాక్ పెవిలియన్‌లోకి భారతీయులకు ప్రవేశం లేదని, మన ఆటగాళ్ళు చెట్ల క్రింద కూర్చుని భోజనం చేసేవారని చెప్పుకుంటారు. ఆ అవమానాన్ని మనసులో పెట్టుకున్న తెలుగువాడు మోతవరపు వెంకట మహీపతి నాయుడు. లోకానికి బుచ్చిబాబు నాయుడు. 1888లో మద్రాసు యునైటెడ్ క్లబ్బు స్థాపించి, కుర్రవాళ్ళకు ఆట సామాగ్రి సమకూర్చి, ఆడుకోవడానికి చోటు చూపించాడు. దొరల జట్టుకూ మనవారికీ పోటీ ఏర్పాటు చేసి, అది చూడకుండానే 1908లో కన్ను మూశాడు. ఆయన చేసిన పనిని కొందరు ఆటకు సేవ అంటారు. నాకు మాత్రం అది నేల కోసం చేసిన పోరాటంగా కనిపిస్తుంది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఆంధ్ర క్రికెట్ సంఘం పుట్టిందీ ఆ ఏడే. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీ ఆడినప్పుడు నాయకుడు సి.కె. నాయుడు. 1932లో లార్డ్స్‌లో భారత తొలి టెస్టు జట్టును నడిపించినవాడు, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, తన పూర్వీకుల గడ్డ కోసం బరిలోకి దిగాడు. నెల్లూరులో పుట్టిన అశ్విన్ హెబ్బార్ ఆంధ్ర జట్టుకు ఆడి, 2022లో ఢిల్లీ క్యాపిటల్స్ జట్టులో చోటు సంపాదించాడు. ఇవన్నీ పుస్తకాలకెక్కిన సంగతులు.

పుస్తకాలకెక్కనిది నా కళ్ళ ముందున్న ఆట. పదిహేనేళ్ళలోపు పిల్లలు, టెన్నిస్ బంతి, పన్నెండేసి ఓవర్లు. మైదానానికి ఒకవైపు సరుగుడు తోట, రెండు వైపులా రొయ్యల గుంటలు. గుంటగట్టే బౌండరీ. బంతి నీళ్ళలో పడితే అవుట్, పైగా కొత్త బంతి ఖర్చు కొట్టినవాడిదే. అందుచేత ఒక్క కుర్రవాడూ గుంటల వైపు గాలిలోకి కొట్టడు. ఎడంచేతివాటం పిల్లవాడొకడు నేలబారుగా, ఇద్దరు ఫీల్డర్ల నడుమ సందు చూసి బంతిని సాగనంపుతుంటే ఏ శిక్షకుడు నేర్పాడా అనుకున్నాను. నేర్పింది ఆ గుంట!

ప్రక్కన కూర్చున్న తాతను మైదానం ఎప్పుడూ ఇంతేనా అని అడిగాను.

"ఇంతేంది నాయనా! మేం పిల్లకాయలప్పుడు కాలవ దాకా బీడే. బంతి తెచ్చేదానికి పోయినోడు తిరిగొచ్చే లోపల బీడీ కాల్చుకోవచ్చు."

1990ల మొదట్లో ఈ తీరానికి రొయ్యల సాగు వచ్చింది. తీరానికి దగ్గరలో ఆ గుంటలు కూడదని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2005లో వచ్చిన చట్టం వాటికి అనుమతుల దారి చూపింది. గుంటలు కొందరికి కూడు పెట్టాయి, కాదనను. ఆ పిల్లల తండ్రులలోనూ కొందరు వాటి మీద పని చేసేవారే. కాని తీర్పులోనూ చట్టంలోనూ చేపల గురించి, ఉప్పునీటి గురించి ఉంది గాని, బంతాటకు పోయిన బీడు ప్రస్తావన ఎక్కడ ఉంటుంది? పట్టా లేని ఆనందానికి నష్టపరిహారం ఉండదు.

ఆట ముగిసింది. ఎడంచేతి పిల్లవాడి జట్టు నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయింది. లెక్కలు వ్రాస్తున్న కుర్రవాడి నోటుపుస్తకం అడిగి తీసుకుని చూశాను. ప్రతి బంతికీ చుక్కో అంకెో, గీతలు చెదరకుండా వ్రాశాడు. ఇవన్నీ దాచిపెడతావా అన్నాను.

"లేదు సార్, పై పేజీలు చించేస్తాం. మిగతావి బడికి పనికొస్తాయి."

ఖంభాత్ ఒడ్డున తోచక ఆడిన రెండు వారాల ఆట మూడు వందల ఏళ్ళు నిలిచింది, ఒకడు వ్రాసిపెట్టాడు గనుక. ఆ పేజీలు నాకివ్వమని అడిగి తెచ్చుకున్నాను. మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మీ ఊరి మైదానం కొలతలు, ఇప్పుడున్నవీ ఒకప్పుడున్నవీ, మీలో ఎవరికైనా గుర్తున్నాయా? ఉంటే వ్రాసి పెట్టండి.