‘కు’ ప్రత్యయం, స్వామ్యార్థం: తెలుగు–తుర్కీ పోలికపై పునఃపరిశీలన

ద్రావిడ భాషలు సంస్కృతజన్యాలు కావని 1856లో తన తులనాత్మక వ్యాకరణంలో నిరూపించిన రాబర్ట్ కాల్డ్‌వెల్, వాటికి ‘సిథియన్’ భాషలతో బంధుత్వం ఉందని భావించాడు. తుర్కిక్ భాషలను కూడా ఆయన ఆ వర్గంలోనే చేర్చాడు. ప్రకృతికి ప్రత్యయాలు వరుసగా చేరడం, క్రియ వాక్యాంతంలో నిలవడం రెండు వర్గాలకూ సమానం. తెలుగు ‘కు’కు దీటుగా ప్రాచీన తుర్కీలో ‘క’ అనే ప్రత్యయం కనిపిస్తుంది. అయితే ఈ సామ్యం బంధుత్వాన్ని నిరూపించగలదా అన్నది ప్రశ్న.

హైదరాబాదు తూర్పు ప్రాంతపు ఊరిపేర్లలో ‘ఉప్పల్‌కు’, ‘మల్కాజిగిరికి’, ‘నాచారానికి’ అనే మూడు రూపాలున్నాయి. ఇకారం మీద ‘కు’ ‘కి’ అవుతుంది. ‘నాచారం’ వంటి పదాలకు ముందు ‘ని’ చేరి, దాని ఇకారం వల్ల ‘కి’ వస్తుంది. ఈ మార్పును చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) సూత్రీకరించింది. నేటి తుర్కీలోనూ ‘ఎవ్’ (ఇల్లు) ‘ఎవె’ అవుతుంది. ‘ఒకుల్’ (బడి) ‘ఒకుల’ అవుతుంది. అచ్చును అనుసరించి ప్రత్యయం మారడం ఉభయసాధారణమే. తుర్కీలో ఈ అచ్చుల పొందిక ప్రత్యయాలన్నిటికీ దాదాపుగా వర్తిస్తుంది. తెలుగు విభక్తులలో దీని పరిధి పరిమితం.

స్వామ్యార్థంలో మాత్రం దారులు వేరవుతాయి. ‘నా ఇంటికి’ అనడానికి తుర్కీ రూపం ‘ఎవిమె’: ఎవ్ + ఇమ్ (నా) + ఎ (కి). తెలుగులో ‘నా’ నామానికి ముందుంటుంది. తుర్కీలో నామానికీ విభక్తికీ నడుమ ఉంటుంది. ‘నాకు ఇల్లు ఉంది’ అన్నచోట తుర్కీ ‘ఎవిమ్ వర్’ (నా ఇల్లు ఉంది) అంటుంది. తెలుగులో స్వామ్యాన్ని ‘కు’ మోస్తున్నది. బాలవ్యాకరణం ‘కు’ను, ‘యొక్క’ను ఒకే షష్ఠిలో చేర్చడం ఈ దృష్ట్యా గమనార్హం.

ఘనీభవించిన పదాలు కూడా ఈ భేదాన్నే చూపుతాయి. పారశీక, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చి, బేగంపేట పేరులో నిలిచిన ‘బేగం’ శబ్దం తుర్కిక్ ‘బేగ్’ (ప్రభువు)కు ఉత్తమపురుష స్వామ్య ప్రత్యయం చేరగా ఏర్పడింది. తెలుగువారికి అందులోని ‘నా’ వినిపించదు. అందుకే ‘మా బేగంగారు’ అన్నా పునరుక్తి తోచదు. ద్రావిడంలో దీనికి ప్రతిగా ప్రాచీన తమిళంలో ‘ఎందై’ (మా తండ్రి), ‘నుందై’ (మీ తండ్రి), ‘తందై’ (తన తండ్రి) ఉన్నాయి. తెలుగు ‘తండ్రి’ ఈ చివరిదానికి సజాతీయం. ఇక్కడ స్వామ్యం పదాదిని, ‘బేగం’లో పదాంతాన కరిగిపోయింది.

కాబట్టి ‘కు’, ‘క’ల సామ్యం నిర్మాణ సాదృశ్యమే గాని జన్యసంబంధానికి సాక్ష్యం కాదు. ప్రత్యయం ధ్వనిని మాత్రమే గాక, అది నిలిచే స్థానాన్నీ మోసే అర్థాన్నీ కలిపి చూసినప్పుడే తులనాత్మక నిర్ణయం నిలుస్తుంది.